గుట్ట జరిగిందా, లెక్క తప్పిందా

మే 9

కంప్యూటర్లో రెండో గ్రాఫిక్స్ కార్డు బిగించాను. పాతదాని కింద గట్టిగానే కూర్చుంది. రెండింటి మధ్య వేలు దూరేంత సందు.

ఎందుకు కొన్నానో ఇంట్లో చాలాసార్లు చెప్పాను. ఇక్కడ ఒకసారి రాస్తే చాలు. క్వారీ వాళ్ళు తవ్విపోసిన మట్టిగుట్ట అక్క ఇంటి వెనక గోడకి కాస్త అవతలే మొదలవుతుంది. పోయిన వానలకి దాని అంచు కరిగి పెరట్లోకి బురద వచ్చింది. ఈసారి ఏమొస్తుందో వానకి ముందే తెలియాలి. డ్రోన్‌తో పైనుంచి ఫొటోలు తీసి, వాటిని కలిపి కంప్యూటర్లో గుట్ట ఆకారం కట్టి, దాన్ని ఏప్రిల్‌లో కట్టిన ఆకారం మీద పెడితే ఎక్కడ ఉబ్బిందో ఎక్కడ కుంగిందో కనిపిస్తుంది. సర్వేయర్‌గా పొలాలకీ రోడ్లకీ నేను చేసే పనే. కాని ఇంత గుట్టకి ఒక్క కార్డుతో లెక్క తేలేసరికి వారం దగ్గర పడుతోంది. వారం కిందటి గుట్ట సంగతి తెలిసి ఏం లాభం?

గుట్ట ఎక్కి మేకులు కొట్టి కొలవచ్చు కదా అంది నా భార్య. క్వారీ వాళ్ళు ఎక్కనివ్వరు. ఎక్కినా అది వదులు మట్టి. జారింది మేకో గుట్టో ఎవరు చెప్పాలి?

అక్క అడిగింది ఒక్కటే. "మేం ఆ ఇంట్లో ఉండొచ్చా, ఉండకూడదా? అటో ఇటో చెప్పు. నసగొద్దు."

చెప్తానన్నాను.

మే 10

రెండు కార్డులూ పనిలోకి దిగగానే కంప్యూటరు టప్పున ఆరిపోయింది. స్క్రీను మీద ఇదీ తప్పు అని ఒక్క ముక్క కూడా రాలేదు. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆరింది.

మా వీధిలో కరెంటు బాగోలేదు. క్వారీలో రాళ్ళు నలిపే క్రషర్ తిరిగినప్పుడల్లా ఓల్టేజి పడిపోతుంది.

మే 11, ఆదివారం

స్టెబిలైజర్ పెట్టాను. ఆరింది. క్రషర్ ఆపేసిన వేళ చూసి వేశాను. ఆరింది.

సాయంత్రం బావ వచ్చాడు. క్వారీలో టిప్పర్ నడుపుతాడు. ఆ గుట్టలో సగం మట్టి ఆయన బండి పోసిందే.

"ఏం బావమరిదీ, పడకేసిందా నీ యంత్రం?"

"కరెంటు పోతోంది బావా."

బావ తలెత్తి చూశాడు. "ఫ్యాను తిరుగుతోంది."

"ఓల్టేజి పడుతోంది."

"లైటు వెలుగుతోంది. లోపల మా చెల్లెమ్మ మిక్సీ తిరుగుతోంది. ఒక్క నీ డబ్బాకే పోయే కరెంటు ఎక్కడ దొరుకుతుందిరా? చెబితే మా మేనేజరు గదికి కూడా పెట్టిస్తా."

వంటింట్లోంచి నా భార్య నవ్వింది. ఆమెకి బావ ఏమన్నా నవ్వే.

మే 12

కరెంటే.

మే 13

ఒక్కో కార్డూ విడిగా పెడితే ఎంతసేపైనా నడుస్తోంది. రెండూ కలిస్తేనే ఆరుతోంది. తప్పు కరెంటుదైతే ఒక్క కార్డు ఉన్నప్పుడూ ఆరాలి.

ఇక మిగిలింది పవర్ సప్లై. పెట్టెలో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా. అప్పట్లో షాపాయన ఇంకా పెద్దది తీసుకోమన్నాడు. నాకిది చాలని నేనే పట్టుబట్టాను. ఈ సంగతి బావకి చెప్పక్కర్లేదు.

మే 14

షాపుకి వెళ్ళాను. షాపాయన్ని అందరూ కళ్ళజోడు అంటారు. ఆయనకీ తెలుసు, పట్టించుకోడు. విషయం చెప్పగానే ఒక అట్టపెట్టె వెనక లెక్క మొదలుపెట్టాడు.

"కార్డు ఒక్కోటి రెండొందల యాభై వాట్లు. అలాంటివి రెండు. ప్రాసెసర్ నూట పాతిక. మిగతా చిల్లర సామాను ఇంకో యాభై. ఎంతైంది సార్?"

"ఆరొందల డెబ్భై అయిదు."

"మీ డబ్బా ఎంత?"

"ఆరొందల యాభై."

"ఈ నాలుగు రోజులూ ఎవర్ని తిట్టారు? కరెంటు వాళ్ళనా?"

ఎలా తెలుసన్నాను. "ముందు అందరూ వాళ్ళనే తిడతారు సార్. పాపం."

అయితే ఏడొందలది ఇవ్వమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"సార్, తలుపు ఎంత వెడల్పుంటే సరిగ్గా అంతే వెడల్పు బీరువా కొంటారా? లోపలికి పట్టుకెళ్ళేవాడి చేతులు ఎక్కడ పెట్టాలి?"

కార్డు ఎప్పుడూ ఒకేలా లాగదట. రెప్పపాటులో దాదాపు రెట్టింపు లాగి మళ్ళీ తగ్గుతుందట. రెండూ ఒకే రెప్పపాటులో లాగితే చిన్న డబ్బా తట్టుకోలేక తనంతట తనే ఆరిపోతుంది. "అది చెడిపోవడం కాదు సార్. బుద్ధి. బుద్ధిలేని డబ్బా అయితే ఆరదు, కాలుతుంది. పైగా మీరు ఓవర్‌క్లాక్ చేస్తారు."

"చెయ్యను."

"చేస్తారు. రెండో కార్డు కొన్నవాడు కంపెనీ పెట్టిన వేగంతో ఊరుకోడు సార్. నేను చూడలేదా?"

వెయ్యి వాట్లది తీసుకున్నాను. ఇంకోటి చవగ్గా ఉంది, దాని మీదా వెయ్యే రాసి ఉంది. అది రెండు క్షణాలు మోసే బరువు, ఇది రోజంతా మోసే బరువు అన్నాడు. డబ్బా మీది బంగారు ముద్ర చూసి మురిసిపోవద్దన్నాడు. అది కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెబుతుందే కాని ఎంత మొయ్యగలదో చెప్పదు. ఆఖరికి గుమ్మం దాకా వచ్చి, "ఒకే తీగకి రెండు మూతులుంటాయి, పని తేలికని అదే కార్డు రెండు సాకెట్లకీ పెట్టేరు. సాకెట్‌కో తీగ. నాలుగు సాకెట్లకి నాలుగు తీగలు" అని అరిచాడు. రోడ్డు మీద వాళ్ళు తిరిగి చూశారు.

మే 15

నాలుగు తీగలు పెట్టాను. పెట్టె లోపల క్వారీ దుమ్ము వేలెడు మందం. నా భార్య పాత బ్రష్షుతో దులిపింది, దులుపుతున్నంతసేపూ నన్నూ దులిపింది.

రెండు కార్డులూ సాయంత్రం దాకా నడిచాయి. ఆరలేదు. ఇవాళ కరెంటు కూడా కాస్త బాగున్నట్టుంది.

మే 17

కార్డుల వేగం పెంచాను. ఎంత వేగం పెంచితే అంత ముందు లెక్క తేలుతుంది. వానకి ముందు ఇంకో రెండుసార్లు గుట్టని చూడొచ్చు. కళ్ళజోడుకి చెప్పక్కర్లేదు.

కార్డులో వేగాలు రెండు. లెక్క కట్టే భాగానిది ఒకటి, ఆ లెక్కలు దాచుకునే మెమరీది ఒకటి. కొంచెం పెంచడం, ఒక పెద్ద వీడియో గేమ్ ఆడించి చూడటం, బాగుంటే ఇంకొంచెం. మధ్యాహ్నానికి రెండు కార్డులూ బాగా పైకొచ్చాయి. ఒకచోట తెర మీద చుక్కలు పడ్డాయి. ఒక మెట్టు దించాను. చుక్కలు పోయాయి. తర్వాత గంటలకొద్దీ ఆడించాను. బొమ్మ అద్దంలా ఉంది. పై కార్డు మాత్రం కింది కార్డు వేడంతా పీల్చి మసిలిపోతోంది. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టాను.

ఢోకా లేదు.

మే 19

డ్రోన్ ఎగరేశాను. గాలి లేదు. ఫొటోలు బాగా వచ్చాయి. లెక్క మొదలైంది. వేగం చూస్తే ముచ్చటేస్తోంది.

మే 20

గుట్ట ఉబ్బింది. అక్క పెరటి వైపు, అడుగున, మూరెడు ముందుకొచ్చింది. స్క్రీను మీద అక్కడంతా ఎర్రగా ఉంది.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. అక్క బియ్యం ఏరుతోంది. "ఇప్పుడేనా?" అంది. ఇప్పుడే అన్నాను. బావ డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. పక్కింటి మేస్త్రి కుటుంబం కూడా మమ్మల్ని చూసి బయల్దేరింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మేస్త్రి తల్లిని కుర్చీతో సహా మోసుకొచ్చాం. మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.

సరైన పని చేశాను.

మే 21

పొద్దున టేపు తీసుకుని అక్క పెరట్లోకి వెళ్ళాను. మేస్త్రి టేపు అవతలి కొస పట్టుకున్నాడు. వెనక గోడ నుంచి గుట్ట అడుగుకి కొలిచాం. ఏప్రిల్‌లో ఎంతుందో అంతే ఉంది. ఇంకో చోట. అంతే. గోడ పొడుగునా అంతే.

"మూరెడేది సార్?" అన్నాడు మేస్త్రి.

అతని తల్లి కుర్చీలోనే తిరిగి వెళ్ళింది. మోస్తుంటే, "మూర కోసం ఇంత దూరం తెచ్చార్రా నన్ను. పువ్వులైనా కాదు" అంది. వీధి వీధంతా నవ్వింది. బావ కూడా.

మే 22

బయటికి వెళ్ళలేదు.

మే 23

పాల కోసం వెళ్ళాను. "మూరెడు సార్ వచ్చాడు, అర లీటరు కొలిచి పొయ్యి" అన్నారు వెనకనుంచి ఎవరో. తిరిగి చూడలేదు.

మే 24

పందొమ్మిదో తారీకు ఫొటోలే మళ్ళీ లెక్కకి పెట్టాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఈసారి అడుగున ఉబ్బు లేదు. నడుమ ఒకచోట గొయ్యి ఉంది. అవే ఫొటోలు, అదే గుట్ట, రెండు జవాబులు.

బావ వస్తే దాచకుండా చూపించాను. కాసేపు చూశాడు.

"అంటే నీ యంత్రం ఒకసారి గుట్ట కడుపుతో ఉందంటుంది, ఇంకోసారి పస్తులుందంటుంది."

"వేగం ఎక్కువైనట్టుంది బావా. తగ్గించి చూస్తా."

"చూడు. కాని ఒక మాట. ఇక అక్కని కంగారు పెట్టకు. ఒకే గుట్టకి రెండుసార్లు ఒకే జవాబు చెప్పించు. ఆ రోజు నువ్వు లెమ్మంటే లేస్తా. అప్పటిదాకా మా ఇంటి మాట ఎత్తకు."

"లేస్తావా?"

"మగాడి మాట."

"ఆడదాని మాట కూడా వేసుకో," అంది అక్క గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో చూడలేదు.

మే 25, ఆదివారం

పని నేర్పిన పెద్ద సర్వేయరు ఎండలో నిలబెట్టి చెప్పేవాడు, కొలుస్తూ వెళ్ళినవాడు మొదలుపెట్టిన రాయి దగ్గరికే తిరిగి కొలుచుకుంటూ రావాలని. రెండూ కలవకపోతే కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇన్నేళ్ళలో ఒక్క పొలానికి కూడా ఆ పని మానలేదు. పొలం వాళ్ళు విసుక్కున్నా మానలేదు.

కంప్యూటరుకి మానేశాను. బొమ్మ అద్దంలా ఉంది కదా అని సంతకం పెట్టాను. ఆటలో ఒక చుక్క రంగు తప్పితే కంటికి ఆనదు. లెక్కలో అదే చుక్క మూరెడవుతుంది.

ఇక నుంచి దీన్నీ తిరిగి కొలవడమే.

మే 26

మొత్తం గుట్టతో కుదరదు. ఒక మూల ఫొటోలు మాత్రం తీసుకుని, కార్డుల్ని కంపెనీ వేగానికి దించి రెండుసార్లు కట్టించాను. గోరంత తేడా. ఇది నా మొదటి రాయి. ఏ మార్పు చేసినా తిరిగి దీని దగ్గరికే రావాలి.

ఈ వేగంతో మొత్తం గుట్టకి, అదీ రెండుసార్లకి, వాన ముందే వస్తుంది. కాబట్టి పెంచాలి. ఎంతవరకో తెలుసుకుని పెంచాలి.

మే 27

కార్డులు ఒక్కొక్కటే పరీక్షించాను. కింది కార్డు మంచిది. లెక్క వేగం కొంత పెంచినా జవాబు మారలేదు. మెమరీ వేగం పెంచితే పొద్దున్న మారలేదు, మధ్యాహ్నం వేడెక్కాక మారింది. పై కార్డుకి మెమరీ ఒక్క మెట్టు పెంచినా గుట్ట మీద కురుపు లేస్తోంది. ప్రతిసారీ వేరే చోట. మూర ఎక్కడ పుట్టిందో తెలిసింది.

రెండింటి మెమరీనీ కంపెనీ వేగానికి దించేశాను. ఇక దాని జోలికి వెళ్ళను.

మే 28

పై కార్డుకి వేగం పెంచలేదు, అది తినే కరెంటుకి కట్టడి పెట్టాను. అయిదో వంతు తగ్గించినా పని అంతగా తగ్గలేదు. వేడి బాగా తగ్గింది. పక్క తలుపు తెరిచి పెట్టాను కదా, దుమ్ము పడుతోంది. దోమతెర ముక్క కోసి కట్టాను.

"మంచం మీది తెర ఏది?" అంది నా భార్య.

"యంత్రానికి కట్టాను."

"దానికి దోమలు కుడుతున్నాయా?"

మే 29

మూల ముక్కని రోజంతా తిప్పాను. ఎండలో, మిట్టమధ్యాహ్నం, గది మసులుతున్నప్పుడు కూడా. ప్రతిసారీ గోరంత తేడాతో మొదటి రాయి దగ్గరికే వచ్చింది. కింది కార్డు కొంచెం పెంచి, పైది కట్టడిలో, మెమరీ ముట్టకుండా. ఇదీ నా వేగం. అప్పటంత ముచ్చటగా లేదు. మొత్తం గుట్టకి రెండు రోజుల పైచిలుకు పడుతుంది.

మే 31

ఎగరేశాను. పడమట మబ్బు. లెక్క మొదలైంది.

జూన్ 2

తేలింది. అడుగున కదలలేదు. మేస్త్రి టేపు నిజమే చెప్పింది. కాని దానికి పైన, గుట్ట నడుము దగ్గర, అక్క ఇంటికి ఎదురుగా, ఏప్రిల్‌తో పోలిస్తే జానెడు ముందుకొచ్చింది. టేపు కింద పట్టుకున్నవాడికి అది అందదు.

ఇంకోటి కూడా ఉంది. గుట్ట నెత్తి మీద, అంచుకి కొంచెం లోపలగా, సన్నటి గీత. చీర అంచులా పొడుగ్గా ఎత్తుగా ఉంది. మట్టి అలా గీత గీసినట్టు ఉబ్బదు. అది కార్డు తప్పే అయి ఉండాలి.

అది తప్పయితే జానెడు కూడా తప్పు కావచ్చు. గీత చెరిపేసి చూపిస్తే బావ నమ్ముతాడేమో. చెరపడం క్షణం పని. గీతతో చూపిస్తే గుట్టకి జరీ అంచు వేశావా అంటాడు.

చెరపలేదు. అవే ఫొటోలు రెండోసారి పెట్టాను.

జూన్ 3

నా భార్యకి చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

"వదినకి చెప్పరేం?"

"రెండోది తేలనీ."

"ఈలోపు వాన పడితే?"

అక్క ఇంటికి వెళ్ళి, నా భార్యకి నడుం పట్టేసింది, రెండు రోజులు వంటకి సాయం రా అని అబద్ధం చెప్పాను. అక్క వచ్చింది. బావని కూడా రమ్మంటే డ్యూటీకి దూరమన్నాడు, రాలేదు.

"నా నడుమే దొరికిందా మీకు?" అంది నా భార్య మెల్లగా. అక్క చూసినప్పుడల్లా నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది. రెండో పూటకి కుడి ఎడమైంది. అక్క చూసింది, మళ్ళీ కూర తరగడంలో పడింది.

జూన్ 4

కొంచెం చినుకులు. వెంటనే ఆగాయి. లెక్క సగంలో ఉంది. కార్డుల మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను. అలా చూస్తే త్వరగా కాదని తెలుసు.

జూన్ 5

పొద్దున తేలింది. నడుము దగ్గర అదే జానెడు. అదే చోట. నెత్తి మీద గీత కూడా అదే చోట. అదే పొడుగు, అదే ఎత్తు. కార్డు తప్పు రెండుసార్లు ఒకే చోట పడదు. ఆ గీత గుట్ట మీదే ఉంది.

బావని పిలిపించాను. బండి ఆపి అలాగే వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము. అక్క కాఫీ ఇచ్చి అక్కడే కూర్చుంది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టాను.

"రెండూ ఒకటే బావా."

"ఊఁ."

"నడుము జానెడు జరిగింది."

"ఊఁ."

"పైన ఈ గీత ఏంటో నాకు అర్థం కాలేదు. ఏప్రిల్‌లో లేదు. పందొమ్మిదో తారీకు లెక్కలో ఉన్నా ఆ తప్పుల్లో కలిసిపోయి ఉంటుంది."

బావ కాఫీ తాగలేదు. స్క్రీను మీద గీత ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు.

"అది నేను పోసిందే," అన్నాడు.

"ఏంటి?"

"పగులొచ్చింది అక్కడ. కాలు దిగేంత. మేనేజరు పూడ్చమన్నాడు. రెండు బళ్ళు బూడిద మట్టి పోసి పైన బండి నడిపా. పోసిన మట్టి కాస్త ఎక్కువైంది. అదే నీకు గీతలా కనిపిస్తోంది."

అక్క బావ ముందున్న కాఫీ గ్లాసు పక్కకి జరిపింది.

"ఎప్పుడు?" అంది అక్క.

"మూడు వారాలైంది."

"మూడు వారాలు నా పక్కన పడుకుని లేచావు."

"పూడ్చాక మళ్ళీ పగలలేదే. రోజూ చూస్తున్నా. నేను పోసిన గుట్ట అది, నాకు తెలీదా అనుకున్నా. చెబితే పని ఆపేస్తారు. ఆపితే ఎంతమంది..."

"తమ్ముడు మూరెడన్న రోజు నువ్వూ నవ్వావు."

"ఆ రోజు పరుపు ముందు చుట్టింది నేనే."

"తెల్లారి నవ్వావు."

బావ తల దించుకున్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. కరెంటు బాగోలేదని నేను నాలుగు రోజులు అన్నాను. ఆయన గుట్ట బాగుందని మూడు వారాలు అనుకున్నాడు.

అయినా ఇదీ అదీ ఒకటి కాదు. అది కూడా రాసుకోవాలి.

అక్క లేచింది. "మేస్త్రి వాళ్ళకీ ఆ చివరి ఇళ్ళకీ చెప్పాలి. పద."

"నేను చెప్తాలే అక్కా," అన్నాను.

"నువ్వు చెబితే మూరంటారు. ఈయన చెప్పాలి. పగులు చూసిన కళ్ళు ఈయనవి."

"మేనేజరుకి తెలిస్తే..." అన్నాడు బావ.

"ముందు మేస్త్రికి తెలియనీ."

ఇద్దరూ వెళ్ళారు. అక్క ముందు, బావ వెనక. ఒక్కో గుమ్మం ముందూ ఆగి బావ చెప్పడం మా వాకిట్లోంచి కనిపించింది. ఏం చెప్పాడో వినపడలేదు. ఎవరూ నవ్వలేదు.

జూన్ 6

గుట్ట వైపు వరస మొత్తం ఖాళీ. కొందరు చుట్టాల ఇళ్ళకి, మిగతావాళ్ళు స్కూలు గదులకి. మేస్త్రి తల్లిని ఈసారి కూడా కుర్చీలోనే మోశాం. "ఈసారి ఎంత?" అంది. జానెడన్నాను. "పోయినసారికంటే తగ్గిందే. మరి ఇంత భయం దేనికి?" అంది. మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు.

బావని క్వారీ ఆఫీసుకి పిలిచారు. ఎవరు చెప్పమన్నారని మేనేజరు అడిగాడట. పగులే చెప్పమంది అన్నాడట బావ. బండి తాళాలు బల్ల మీద పెట్టి నడిచి వచ్చాడు. ఇంటికొచ్చాక నా పక్కనే కూర్చున్నాడు.

నేను రెండు జవాబులూ ప్రింటు తీసి కలెక్టరు ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నారు. చూస్తామన్నారు.

జూన్ 8

వాన లేదు. స్కూలు గదుల్లో గొణుగుడు మొదలైంది. ఆవిడెవరో గేదెని చూసొస్తానని వెళ్ళబోతే బావ గేటు దగ్గర ఆపాడట. గేదెని ఆయనే వెళ్ళి తోలుకొచ్చాడు. నాకు చెప్పకుండా వెళ్ళాడు. అక్క ఇంకా ఆయనతో సరిగ్గా మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

జూన్ 9

ఎండ. మేస్త్రి అడిగాడు, ఇంకెన్నాళ్ళని. తెలియదన్నాను.

జూన్ 10

పొద్దుటినుంచీ ఆగకుండా.

జూన్ 11

వాన రాత్రంతా పడుతూనే ఉంది. పొద్దున స్కూల్లో వాళ్ళకి టిఫిన్లు పట్టుకెళ్ళి మేమంతా అక్కడే ఉండిపోయాం. పది దాటాక పెద్ద లారీ వెనక్కి వస్తున్నట్టు చప్పుడు. అది లారీ కాదని మొదట తెలిసింది బావకే. లేచి నిలబడ్డాడు. మేం స్కూలు వరండాలోకి వచ్చేసరికి గుట్ట నడుము జారుతోంది. తొందరేమీ లేనట్టు, మెల్లగా, చెట్లు నిలబడి ఉండగానే. అక్క ఇంటి వెనక గది కనిపించలేదు. తర్వాత వంటిల్లు. మేస్త్రి ఇంటి కప్పు ఒక పక్కకి ఒరిగి ఆగింది. అక్కడితో జారడం ఆగింది.

అక్క అందరి పేర్లూ పిలిచింది. అందరూ పలికారు. గేదె కూడా అరిచింది.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈసారి నీ కార్డులక్కర్లేదురా. ఉత్త కళ్ళకే కనిపిస్తోంది," అని వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. అక్క వచ్చి పక్కన కూర్చుని కొంగుతో ఆయన మొహం తుడిచింది. వాన నీళ్ళే అన్నాడు. ఊఁ అంది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక ఎగరేశాను. లెక్క మొదలైంది. మా ఇంటి వైపు వరస వాళ్ళంతా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మిగతా గుట్ట ఆగుతుందా, మేం ఉండొచ్చా, ఏదో ఒకటి చెప్పమన్నారు. కలెక్టరు ఆఫీసు నుంచి కూడా ఫోను వచ్చింది, ఉజ్జాయింపుగా అయినా చెప్పమని.

ఇంకా తెలియదన్నాను. ఈసారి ఎవరి కళ్ళలోకైనా చూసి ఆ మాట చెప్పగలిగాను. తేలేదాకా అందర్నీ స్కూలుకి వెళ్ళమన్నాను. మేమూ సర్దుకుంటున్నాం. యంత్రాన్ని ముందు మోస్తాను. నా భార్య దోమతెర విప్పనివ్వలేదు. ఉండనీ, దానికే కావాలి అంది.